అక్టోబర్ చివర్లో డోలమైట్స్: పిన్ పట్టుకుని వెళ్తే సరిపోదు

[స్క్రీన్ మీద: లాగో ది బ్రాయెస్, చెక్క పడవలు, వెనక కొండ మీద పొద్దుటి ఎండ]

ఈ ఫోటో చూడనివాళ్ళు ఉండరు. ఉత్తర ఇటలీ, డోలమైట్స్ కొండలు, లాగో ది బ్రాయెస్ అనే సరస్సు. మ్యూనిక్‌లో ఉన్న మనవాళ్ళు ఆకుల రంగు మారే టైమ్ రాగానే అడిగేది ఒకటే: "అన్నా, లొకేషన్ పిన్ పంపు." పంపుతాను. కానీ ఆ పిన్ ఒక్కటీ పట్టుకుని అక్టోబర్ చివర్లో బయల్దేరితే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. కల్యాణమండపం అడ్రసు వేసి, ముహూర్తం వెయ్యని శుభలేఖ అది. మీరు వెళ్ళేసరికి పెళ్ళి అయిపోయి ఉండొచ్చు, అసలు ఆ నెలలో పెళ్ళే లేకపోవచ్చు.

బ్రాయెస్‌నే తీసుకుందాం. సరస్సుకి దక్షిణాన నిలబడ్డ కొండ క్రోడా దెల్ బెక్కో, 2,810 మీటర్లు. మీ కెమెరా ఉండేది ఉత్తరపు ఒడ్డున. అంటే మీకు కనిపించేది ఆ కొండ ఉత్తర ముఖం. జూన్‌లో ఇక్కడ సూర్యుడు ఈశాన్యంలో ఉదయిస్తాడు కాబట్టి పొద్దున్నే ఆ ముఖం మీద ఎండ పడుతుంది. అక్టోబర్ చివరికి తూర్పు దాటి దక్షిణం వైపు జరిగిపోతాడు. రోజంతా ఆకాశంలో దక్షిణపు సగంలోనే తిరుగుతాడు. సరస్సు వైపు చూసే ముఖానికి సూటి ఎండ దాదాపు తగలదు.

ఇంకో లెక్క. సరస్సు ఉన్నది 1,496 మీటర్ల దగ్గర. కొండ కొస అంతకంటే 1,300 మీటర్లు పైన, దూరం మూడు కిలోమీటర్ల లోపే. రమారమి 25 డిగ్రీల వరకు ఆకాశాన్ని కొండే మూసేస్తుంది. అక్టోబర్ చివర మిట్టమధ్యాహ్నం కూడా ఇక్కడ సూర్యుడు ఎక్కేది సుమారు 31 డిగ్రీలే. అదే రోజు హైదరాబాద్‌లో 60. నడినెత్తి ఎండకి అలవాటుపడ్డ మన కంటికి ఈ తేడా ముందుగా తట్టదు.

మరి బ్రాయెస్ మానెయ్యాలా? నన్నడిగితే అక్కర్లేదు. సరస్సు చుట్టూ దారి ఉంది. దక్షిణపు కొసకి నడిచి వెనక్కి తిరగండి. మధ్యాహ్నం ఎండ ఉత్తరపు ఒడ్డు వెనక, దక్షిణం వైపు చూసే వాలు మీదే పడుతుంది. పెళ్ళిపందిరి ఇటు వేశారన్నమాట, అందరూ అటు చూస్తూ కూర్చుంటారు. మబ్బు పట్టిన రోజైతే పాత చోటే మంచిది. ఎండా నీడా గొడవ ఉండదు, నీళ్ళ ఆకుపచ్చ చక్కగా వస్తుంది.

[స్క్రీన్ మీద: లార్చ్ కొమ్మ, దగ్గరగా]

ఇక రంగు. ఇదిగో లార్చ్. సూదాకుల చెట్టే, కానీ చలికాలానికి ఆకు రాల్చేస్తుంది. కుచ్చులు కుచ్చులుగా వచ్చే ఈ సూదులు ముట్టుకుంటే మెత్తగా ఉంటాయి. పచ్చివి కాస్తా అచ్చం పసుపు రంగుకి తిరుగుతాయి, శుభలేఖ మూలలకి రాస్తామే, అదే పసుపు. సూర్యుడికి ఎదురుగా కెమెరా పెట్టండి. సూదుల్లోంచి వెలుగు దూరి చెట్టు చెట్టంతా వెలుగుతుంది. రంగు పై వాలుల్లో ముందు మొదలై కిందికి దిగుతుంది. గట్టి గాలి ఒక్కటి వీస్తే దారంతా సూదులే. అందుకే బయల్దేరే ముందు ఆ లోయ వెబ్‌క్యామ్ చూడండి. పోయినేడాది ఫోటో చూసి తేదీ ఖాయం చెయ్యకండి.

ఇప్పుడు సాంతా మద్దలేనా అనే ఊరు, వాల్ ది ఫూనెస్ లోయలో. చిన్న చర్చి, వెనక ఆగ్నేయంగా ఓడ్లె శిఖరాలు. పొద్దున వెళ్తే సూర్యుడు ఆ శిఖరాల వెనకే ఉంటాడు. సాయంత్రం పడమటి నుంచి వెలుగు సూటిగా రాతి మీద పడుతుంది. ఊరు నీడలోకి వెళ్ళాక కూడా శిఖరాలు ఎర్రబడుతూనే ఉంటాయి. ముందే సర్దుకుని వచ్చేయకండి, అసలు ముహూర్తం అప్పుడే.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తాను. పొద్దుటికి తూర్పు చూసే రాయి, సాయంత్రానికి పడమర చూసే రాయి వెతకండి. పొద్దుటికైతే కోర్తినా ఊరి దగ్గర లాగో ఫెదేరా సరస్సు. చుట్టూ లార్చ్‌లే, పక్కన క్రోడా దా లాగో కొండ గోడ తూర్పుకే చూస్తుంది. చీకట్లో కొండెక్కాలి కాబట్టి హెడ్‌ల్యాంప్ ఉండాలి. ఏ చోటికి ఏ గంటలో ఎండ వస్తుందో ఫోటోపిల్స్, పీక్‌ఫైండర్ యాప్‌లు ఇంట్లోనే చూపిస్తాయి. కేబుల్ కార్లు, కొండ మీది రిఫ్యూజియోలు (బస గుడిసెలు) చాలావరకు అప్పటికే మూసేస్తారు. విడిది కింద ఊళ్ళోనే చూసుకోండి. కనుమ దారుల్లో మంచు పడొచ్చు, వింటర్ టైర్లు వేయించుకోండి.

చివరిది. అక్టోబర్ ఆఖరి ఆదివారం యూరప్‌లో గడియారం గంట వెనక్కి జరుగుతుంది. ముందు రోజు ఆరు దాటాక అయిన సూర్యాస్తమయం ఆ రోజు ఐదింటికే. ఫోన్ తనంతట తనే మారుతుంది, కెమెరాలో టైమ్ మాత్రం మీరే మార్చుకోండి.