నీటికాసులకు చుక్కల మందు: వేసే తీరు, దాచే తీరు

అందరికీ నమస్కారం. కావలి వైపు నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు, నేరుగా విషయానికొస్తాను.

నీటికాసుల్లో, అంటే గ్లకోమాలో, పోయిన చూపు తిరిగి రాదు. శుక్లం తీయించుకుంటే కనబడ్డట్టు ఇందులో కనబడదు. చుక్కలు ఉన్న చూపును నిలబెడతాయి, అంతే. వేసుకున్నా తేడా తెలీదు, మానినా వెంటనే తెలీదు. మనవాళ్లు మానేసేది అందుకే.

కంటి లోపల నీరు ఎప్పుడూ ఊరుతూ, ఓ సన్నటి జల్లెడ గుండా బయటికి పోతుంటుంది. తూము పూడిన చెరువులో మట్టం పెరిగినట్టు, ఆ దారి బిగుసుకుపోతే ఒత్తిడి పెరిగి కంటి నరం దెబ్బతింటుంది. రాత్రిపూట వేసే లాటానోప్రాస్ట్ నీరు పోయే దారిని పెంచుతుంది. టిమోలాల్ ఊటను తగ్గిస్తుంది.

ఇక వేసే తీరు. చేతులు కడుక్కోండి. తల వెనక్కి వాల్చి, కింది రెప్పను వేలితో లాగితే చిన్న సంచిలా తెరుచుకుంటుంది. చుక్క పడాల్సింది అందులో, నల్లగుడ్డు మీద కాదు. చేయి వణికితే సీసా పట్టిన చేతిని నుదుటికి ఆనించుకోండి. సీసా మూతి రెప్పకు, వెంట్రుకలకు తగలకూడదు. తగిలితే క్రిములు మందులోకి చేరతాయి.

ఒక్క చుక్కే. సీసా నుంచి రాలే చుక్క సుమారు 30 నుంచి 50 మైక్రోలీటర్లు. రెప్ప కొట్టాక కంట్లో నిలిచేది 10 దాకానే. రెండో చుక్క చెంప మీదికి జారిపోతుంది, సీసా నెలాఖరుకు ముందే అయిపోతుంది. పడిందో లేదో అనుమానమొస్తే మాత్రం ఇంకోటి వేసుకోండి. ఫ్రిజ్‌లోంచి తీసిన మందైతే చల్లగా తగిలి తెలుస్తుంది.

వేశాక చాలామంది వదిలేసే పని ఒకటుంది. కన్ను మెల్లగా మూసి, ముక్కు పక్కన కంటి మూలను వేలితో రెండు మూడు నిమిషాలు నొక్కి ఉంచండి. అక్కడి సన్నటి రంధ్రం గుండా మందు ముక్కులోకి, అక్కణ్ణించి రక్తంలోకి పోతుంది. టిమోలాల్ అలా ఒంట్లోకెక్కితే ఉబ్బసం ఉన్నవాళ్లకు ఆయాసం వస్తుంది, గుండె నిదానంగా కొట్టుకుంటుంది. ఉబ్బసం సంగతి డాక్టరుకు ముందే చెప్పాలమ్మా, కంటి జబ్బుకు ఊపిరితిత్తులతో పనేంటి అనుకోవద్దు. రెండు రకాల మందులుంటే మధ్యలో ఐదు నిమిషాలు ఆగండి, లేదంటే రెండోది మొదటిదాన్ని కడిగేస్తుంది.

రోహిణి కార్తె ఎండల్లో సీసాను చొక్కా జేబులో, బండి డిక్కీలో పెట్టి తిరగొద్దు. లాటానోప్రాస్ట్ తెరవని సీసా ఫ్రిజ్ తలుపులో ఉండాలి, ఫ్రీజర్‌లో కాదు. తెరిచిన తేదీ సీసా మీద రాసి, మందు మిగిలినా నెల దాటాక పారేయండి.

కళ్లు దురద పెడుతున్నాయని మెడికల్ షాపులో అడిగి స్టెరాయిడ్ చుక్కలు తెచ్చుకోవద్దు. అవి ఒత్తిడిని పెంచుతాయి.

చివరగా, మిగతా రోజులు మానేసి, చెకప్‌కు ముందు రెండు రోజులే చుక్కలు వేసుకుని వెళ్లకండి. ఆ రోజు ఒత్తిడి బాగానే చూపిస్తుంది, నరం మాత్రం మిగతా రోజులన్నీ దెబ్బతింటూనే ఉంటుంది. ఎన్ని రోజులు మానారో ఉన్నదున్నట్టు చెప్పండి. చెప్పకపోతే మందు పనిచేయట్లేదనుకుని ఇంకో సీసా రాస్తారు, లేదా ఆపరేషన్ దాకా పోతారు.