పిల్లల పుస్తకాలకి బొమ్మలు నేర్పే ఆన్‌లైన్ కోర్సు: ఒక్క మాడ్యూల్ కోసం కొనొచ్చా? | పూర్తి రివ్యూ

అందరికీ నమస్కారం. పర్లాకిమిడి నుంచి మళ్ళీ నేనే. వెనక మిక్సీ మోత వినిపిస్తే ఏమీ అనుకోకండి. వదిన కందిపచ్చడి మొదలుపెట్టింది, నేను ఆపమన్నా ఆపదు.

ముందు చెప్పాల్సింది చెప్పేస్తాను. ఈ కోర్సు వాళ్ళు నాకు ఫ్రీగా ఇచ్చారు. పేరు ఇప్పుడు స్క్రీన్ మీద కనిపిస్తోంది. డబ్బులేమీ ఇవ్వలేదు. వీడియో పెట్టేముందు ఒకసారి మాకు చూపిస్తారా అని మెయిల్ చేశారు, చూపించనని చెప్పాను. ఎన్ని గంటలు, ఎన్ని పాఠాలు, ధర ఎంత, ఇవన్నీ వాళ్ళ పేజీలోనే ఉన్నాయి. వేరే ఛానెళ్ళలో కూడా చదివి వినిపించేశారు. నేను మళ్ళీ చదవను. సర్టిఫికెట్ ఇస్తారా అని చాలామంది అడిగారు. ఇస్తారు. పబ్లిషర్లు చూసేది మీ బొమ్మల్ని, సర్టిఫికెట్‌ని కాదు. ఆ సంగతి అక్కడితో సరి.

నేను కూర్చుని మాట్లాడాలనుకున్నది డమ్మీ గురించి. మూడో మాడ్యూల్. ఇదిగో, చేతిలో ఉంది చూడండి. ఏ4 కాగితాలు మడిచి, మధ్యలో దారంతో కుట్టిన ఉత్తుత్తి పుస్తకం. రంగులు లేవు, పెన్సిల్ గీతలే. మొహాలు కూడా సున్నాలే.

నేను ఇంతకుముందు కొన్న కోర్సు మొత్తం బ్రష్షులు, లేయర్లు, నీడలు. అది అయ్యేసరికి మెడకి మఫ్లర్ చుట్టుకున్న నక్కని చాలా అందంగా వేయడం వచ్చింది. ఆ నక్క ఎక్కడికి వెళ్తోంది, ఎందుకు వెళ్తోంది, తర్వాతి పేజీలో ఏం చేస్తుంది అంటే నా దగ్గర జవాబు లేదు. మఫ్లర్ ఎందుకో అసలే తెలియదు, మా ఊళ్ళో చలి అంటే జనవరిలో నాలుగు పొద్దులు.

ఈ కోర్సులో టీచరు అలా కాదు. రంగుల జోలికి వెళ్ళే ముందు కాగితం మడవమంటుంది. పిల్లల బొమ్మల పుస్తకం ఎక్కువగా 32 పేజీలు ఎందుకుంటుందో మడిచి చూపిస్తుంది. ఒక పెద్ద షీటుని ఒకసారి మడిస్తే 4 పేజీలు, రెండోసారి 8, మూడోసారి 16. అలాంటివి రెండు కలిపితే 32. అందుకే 30 పేజీల కథ రాసుకుని వెళ్తే ప్రెస్సులో ఎవరూ ఒప్పుకోరు. మన దగ్గర పిన్ను కొట్టే పలచటి పుస్తకాలు 16, 24 పేజీల్లో కూడా వస్తాయి, లెక్క మాత్రం అదే, నాలుగుతో భాగిస్తే శేషం మిగలకూడదు. పైగా 32లో టైటిల్ పేజీ, ప్రచురణ వివరాల పేజీ తీసేస్తే కథకి మిగిలేవి 12 నుంచి 14 జోడు పేజీలు. కథంతా అందులోనే సర్దాలి. ఇది తెలిశాక ఏ బొమ్మ ఉంచాలి, ఏది తీసేయాలి అన్నది దానంతట అదే తేలుతుంది.

అసలు మజా పేజీ తిప్పే చోట ఉంది. మనం ఎడమ నుంచి కుడికి చదువుతాం, తెలుగైనా ఒడియా అయినా. అంటే కన్ను చివరికి ఆగేది కుడి పేజీ అంచు దగ్గర. అక్కడ ఒక ప్రశ్న పెట్టాలి. జవాబు తిప్పాక కనిపించాలి. నా కథ చెప్తాను. పెరట్లో పనసపండు మాయమైంది. పాప వెతుకుతుంది. మా గజపతి జిల్లా కొండల్లో, లఖారి లోయ వైపు ఏనుగులు ఉన్నాయి, పనసపండు వాసన తగిలితే ఊళ్ళోకి వచ్చేస్తాయి. మొదట నేను ఏం చేశానంటే, పాప, చెట్టు, ఏనుగు, పండు అన్నీ ఒకే బొమ్మలో పెట్టాను. బొమ్మ నిండుగా ఉంది, బాగుంది. కథ మాత్రం అక్కడే అయిపోయింది. డమ్మీలో దాన్నే విడగొట్టాను. కుడి పేజీ అంచున ఏదో బూడిదరంగు తోకలాంటిది వేలాడుతుంటుంది. పాప దాన్ని పట్టుకుని లాగుతుంది. తిప్పితే జోడు పేజీల నిండా ఏనుగు. అక్షరం ముక్క లేదు.

దీన్ని మా మేనకోడలికి ఇచ్చాను. దాని సంగతి మీకు తెలుసు, పాత వీడియోల్లో చూశారు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. తెలుగు అక్షరాలు కూడబలుక్కుని చదువుతుంది. ఇక్కడ చాలా ఇళ్ళలో పిల్లలంతా అంతే. 1936లో ఒడిశా వేరే రాష్ట్రం అయినప్పుడు పర్లాకిమిడి ఇటు వచ్చింది, పాతపట్నం అటు, ఇప్పటి ఆంధ్ర వైపు ఉండిపోయింది, మధ్యలో మహేంద్రతనయ నది. అందుకే ఇక్కడి పిల్లలకి కథని ముందు బొమ్మే చెప్పాలి. మేనకోడలు తోక చూసి "అత్తా, పాము" అంది. తిప్పింది. ఏనుగుని చూసి ఒక్క అరుపు అరిచి మళ్ళీ వెనక్కి తిప్పి తోకని చూసింది. మళ్ళీ ముందుకి. అలా ఎంతసేపు తిప్పిందో, కుట్టిన దారం వదులైపోయింది. సున్నా మొహాలకే ఇంత గోల చేస్తే ఇక రంగులేస్తే ఏం చేస్తుందో.

నేను మొదట అన్నీ ఒకే బొమ్మలో పెట్టేయడానికి ఒక కారణం ఉందని నాకు అనిపిస్తుంది. మనలో చాలామందిమి చందమామ చూసి బొమ్మలు మొదలుపెట్టినవాళ్ళం. మా ఇంట్లో తాతయ్య బైండింగ్ చేయించిన పాత సంచికలు ఇప్పటికీ ఉన్నాయి. వడ్డాది పాపయ్య గారి ముఖచిత్రాలు నేను ట్రేసింగ్ పేపర్ పెట్టి దిద్దాను. ఆయనది శ్రీకాకుళమే, ఇక్కడి నుంచి ఎంత దూరం చెప్పండి. ఆ పసుపు వెలుగు, ఆ చీరల మడతలు నేర్చుకోవాలంటే ఈ రోజుకీ ఆయన దగ్గరికే వెళ్తాను. కానీ ముఖచిత్రం ఒక్కటే నిలబడి మొత్తం చెప్పేయాలి. బొమ్మల పుస్తకంలో ఏ బొమ్మా మొత్తం చెప్పకూడదు, పక్కదానికి కొంత వదలాలి. చెయ్యి ఒకదానికి అలవాటు పడ్డాక రెండోది పట్టుబడటానికి టైమ్ పడుతుంది. ఈ మాడ్యూల్ అదే పట్టిస్తుంది. అగ్గిపెట్టెంత గడుల్లో పుస్తకమంతా గీయమంటుంది, గడి చిన్నది కాబట్టి చీర మడతలు వేసే వీలే ఉండదు.

రెండు పేజీల మధ్య మడత గురించి కూడా బాగా చెప్పింది. జోడు పేజీల బొమ్మలో మొహం సరిగ్గా మధ్యలో వస్తే మడతలోకి పోతుంది. తెర మీద ఇది కనిపించదు. కాగితం కుడితేనే కనిపిస్తుంది. నా ఏనుగు కన్ను అందుకే కుడి పేజీలోకి జరిగింది. చుట్టూ కత్తిరింపు కోసం బొమ్మని 3 మిల్లీమీటర్లు బయటికి పోనివ్వాలి, 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కలు పడేలా పెట్టాలి, ప్రింటుకి సీఎంవైకే రంగుల్లో, అంటే ప్రెస్సు వాడే నాలుగు సిరాల్లో చూసుకోవాలి, ఇవన్నీ ఒక చిన్న పాఠంలో గబగబా చెప్పేసింది. సరిపోతుంది. ఒక్క మాట నేను కలుపుతాను: తెర మీద మెరిసే చిలకపచ్చని నమ్మకండి. కాగితం మీద అది పాచిరంగుకి దిగుతుంది.

సామాను సంగతి. టీచరు ఐప్యాడ్‌లో ప్రోక్రియేట్ అనే బొమ్మల యాప్ వాడుతుంది. నాకు ఐప్యాడ్ లేదు. పాత ల్యాప్‌టాప్, క్రితా అనే బొమ్మలు వేసే సాఫ్ట్‌వేర్, తెర లేని పెన్ టాబ్లెట్. క్రితా ఉచితం, అందులో ఈ కోర్సు మొత్తం చేయొచ్చు, ఎక్కడా ఇబ్బంది రాలేదు. నా టాబ్లెట్ మధ్యలో నున్నగా అరిగిపోయి మెరుస్తోంది, అది వేరే కథ, దాని మీద ఒక వీడియో బాకీ ఉంది.

ఇప్పుడు చిరాకులు.

మొదటిది, డబ్బులు ఎక్కువ పెడితే వచ్చే మెంటర్ ప్లాన్. మీ పని పంపితే నిపుణులు చూసి సలహా ఇస్తారట. నాకు అదీ ఫ్రీగానే ఇచ్చారు కాబట్టి పరీక్ష పెట్టాను. డమ్మీలో ఒక పేజీలో పాప సంచి ఎడమ భుజానికి, తర్వాతి పేజీలో కుడి భుజానికి వేశాను. జడలు రెండు ఉండాల్సిన చోట ఒకటి వేశాను. కావాలనే. పిల్లల పుస్తకంలో ఇది చిన్న తప్పు కాదు, పిల్లలు ముందు పట్టుకునేది ఇదే. అందుకే ఒకే పాత్రని ముందు నుంచి, పక్క నుంచి, వెనక నుంచి, నవ్వుతూ, ఏడుస్తూ ఒకే కాగితం మీద వేసి గోడకి అంటించుకోమని ఈ కోర్సే చెప్తుంది. వాళ్ళ మెంటర్ నుంచి ఏం వచ్చిందో తెలుసా? "చాలా బాగుంది, మీ రంగుల ఎంపిక అద్భుతం, ఇలాగే కొనసాగించండి." రంగులా? నేను పంపింది పెన్సిల్ పని! మా మేనకోడలు చూడగానే "ఇంకో జడ ఏదీ?" అంది. దానికి ఫీజు ఒక ఐస్‌ఫ్రూట్. మీ ఇంట్లో ఆరేడేళ్ళ పిల్లలు ఉంటే ఆ ప్లాన్ మీకు అక్కర్లేదు.

రెండోది ఇంకా కోపం తెప్పించింది. "జానపద శైలి" అని ఒక చిన్న పాఠం. లోకంలోని రకరకాల గిరిజన చిత్రాలు వరసగా చూపించి, మీకు నచ్చిన మోటిఫ్, అంటే ఒక ఆకారం తీసుకుని మీ పాత్రల మీద వాడండి అంటుంది. అందులో ఒక ఫ్రేములో మా సవర బొమ్మలు కూడా ఉన్నాయి. పేరు కూడా వేయలేదు. చూసి వీడియో ఆపేశాను.

ఇక్కడ కొండెక్కితే లాంజియా సవరల ఊళ్ళు. ఇడితాల్ అంటారు ఆ గోడ బొమ్మని. ఎర్రమట్టి అలికిన గోడ మీద తెల్లటి బియ్యప్పిండితో వేస్తారు. ఇంటి అలంకారానికి కాదు. దేవతలకి, చనిపోయిన పెద్దలకి అది చోటు. ఇంట్లో జబ్బు చేస్తేనో, చనిపోయినవాళ్ళ కోసమో, పంట కోసమో, ఒక కారణం ఉండి వేస్తారు. 2024లో లాంజియా సవర చిత్రాలకి జీఐ ట్యాగ్, అంటే అది ఈ ప్రాంతపు సొంత పని అనే ప్రభుత్వ గుర్తింపు కూడా వచ్చింది. దాన్ని తీసుకెళ్ళి మఫ్లర్ నక్క మీద డిజైన్‌గా వేస్తానంటే ఎలా? మీ కథకి ఆ బొమ్మలే కావాలనిపిస్తే, వేసే చేతులు ఉన్నాయి. వాళ్ళ దగ్గరికి వెళ్ళండి, కథ చెప్పండి, డబ్బు మాట్లాడండి, పుస్తకం అట్ట మీద వాళ్ళ పేరు వేయించండి. ఇదే ఊళ్ళో ఉండి గిడుగు రామమూర్తి గారు సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకి వాచకాలు తయారుచేసి, సొంత ఖర్చుతో బడులు పెట్టించారు. పిల్లల పుస్తకాలు వేసే ప్రథమ్ బుక్స్ కూడా సవర భాషలో పిల్లల పుస్తకాలు తెచ్చింది. దారి ఉంది, ఆ పాఠం చేసినవాళ్ళు చూడలేదు.

ఆఖరి మాడ్యూల్ పని సంపాదించడం గురించి. అది పూర్తిగా అమెరికా సంగతి. ఏజెంటు, అడ్వాన్సు, రాయల్టీ. వింటే బాగుంటుంది. మన దగ్గర చాలాసార్లు పుస్తకానికి ఇంత అని ఒకేసారి ఇచ్చే పద్ధతి. కాబట్టి ఒప్పుకునే ముందు ఎన్ని బొమ్మలు, ఎన్నిసార్లు మార్పులు, హక్కులు ఎవరివి, పుస్తకం మీద పేరు ఎక్కడ వేస్తారు అన్నవి రాతలో అడగండి. తెలిసినవాళ్ళే కదా అని మొహమాటపడకండి. మీ పని పంపడానికి చెన్నైలో తూలిక, తారా అనే పబ్లిషర్లు ఉన్నారు. ఢిల్లీలో 1957 నుంచి నేషనల్ బుక్ ట్రస్ట్ ఉంది, అదే ఏడాది కార్టూనిస్టు శంకర్ మొదలుపెట్టిన చిల్డ్రన్స్ బుక్ ట్రస్ట్ ఉంది. తెలుగులో 'మంచి పుస్తకం' అనే పబ్లిషర్లు ఉన్నారు. ఒక్కొక్కరి పుస్తకాలు చూసి, మీ బొమ్మలు ఎవరి దగ్గర ఇముడుతాయో చూసుకుని పంపండి. అందరికీ ఒకే మెయిల్ వద్దు.

ఇప్పుడే మొదలుపెట్టినవాళ్ళకి కథ ఎక్కడ దొరుకుతుంది అంటారు. ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ అనే వెబ్‌సైటు ఉంది. అక్కడ కథలు ఓపెన్ లైసెన్స్‌లో ఉంటాయి, రాసినవాళ్ళ పేరు ఇచ్చి వాడుకోవచ్చు. తెలుగులోనూ ఉన్నాయి, ఒడియాలోనూ ఉన్నాయి. ఒక కథ తీసుకోండి, వాళ్ళ బొమ్మలు చూడకుండా వాక్యాలు మాత్రమే చదివి మీ డమ్మీ మీరు కుట్టండి. తర్వాత పోల్చుకోండి. పోర్ట్‌ఫోలియోలో పది అందమైన విడివిడి బొమ్మల కంటే ఒకే పాప నాలుగు పేజీల్లో ఒకేలా కనిపించే వరస ఉంటే ఎడిటర్‌కి మీ పని తెలుస్తుంది.

సరే, కొనాలా వద్దా. జానపద పాఠానికి, మెంటర్‌కి, అమెరికా ఏజెంటుకి మార్కులు వేస్తే ఈ కోర్సు ఫెయిల్. కానీ నాకు మూడో మాడ్యూల్ చాలా నచ్చింది, ఏం చేయమంటారు? అది ఒక్కటే విడిగా అమ్మితే నా డబ్బుతో కొనేదాన్ని. విడిగా అమ్మరు, అడిగాను. కాబట్టి బేసిక్ ప్లాన్ తీసుకోండి, అది కూడా సేల్ వచ్చినప్పుడు. పూర్తి ధర పెట్టకండి, పండగలకి ఎలాగూ తగ్గిస్తారు. మెంటర్ ప్లాన్ బటన్ పెద్దగా నారింజ రంగులో ఉంటుంది, పొరపాటున నొక్కకండి, బేసిక్‌ది దాని కింద చిన్న అక్షరాల్లో ఉంది.

వాళ్ళు ఇచ్చిన కోడ్ డిస్క్రిప్షన్‌లో పెట్టాను. మీరు వాడితే నాకేమీ రాదు, మీకు కొంచెం తగ్గుతుంది. డమ్మీకి ఏ కాగితం వాడాలి, ఎలా కుట్టాలి అని అడిగినవాళ్ళకి వచ్చే వీడియోలో చూపిస్తాను. సూది, దారం, ఏ4 కాగితాలు దగ్గర పెట్టుకుని కూర్చోండి. వదినా, అయిపోయింది, ఇక ఎంతైనా తిప్పుకో!