ముదురు బ్రౌన్ సిరా: పెన్నులో నింపి, రాసి చూద్దాం

సరే, మొదలుపెడదాం. ఇవాళ టేబుల్ మీద ఉన్నది ఇదీ. దగ్గరగా చూపిస్తాను ఉండండి... ఆ, ఇప్పుడు కనబడుతోంది. జపాన్ పెన్నుల కంపెనీ పైలట్ వాళ్ళ ఇరోషిజుకు సిరాల్లో యామా-గురి. 50 మి.లీ. సీసా. ముదురు బ్రౌన్ అంటారు గానీ, సీసాలో చూస్తే నల్లగానే ఉంది కదా? ఏ ముదురు సిరా అయినా సీసాలో నలుపే. కాబట్టి సీసా చూసి రంగు తేల్చేయకండి. కాగితం మీద పడాలి, ఆరాలి, అప్పుడు మాట్లాడుకుందాం.

ముందు ఫౌంటెన్ పెన్ను కడగాలి. ఇది మీకు తెలిసిందే. పాళీ నీళ్ళలో ముంచి, కన్వర్టర్ (పెన్ను లోపల సిరా లాగి ఉంచుకునే చిన్న గొట్టం) తిప్పి నీళ్ళు లాగడం, వదలడం, లాగడం, వదలడం. వేడి నీళ్ళు మాత్రం వద్దు. నాకు ఆ తిప్పుతూ కూర్చునే ఓపిక లేదు. ఇదిగో, చెవి శుభ్రం చేసుకునే రబ్బరు బల్బు. కన్వర్టర్ తీసేసి, దీని మొన వెనక నుంచి ఇలా పట్టించి నొక్కితే... చూశారా, అయిపోయింది. నన్నడిగితే కన్వర్టర్ పెన్నులు వాడేవాళ్ళు ముందు కొనాల్సింది ఇదే.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. కడిగాం కదా, నీళ్ళు తేటగా వస్తున్నాయి కదా అని వెంటనే సిరా నింపేయాలనిపిస్తుంది. నింపకండి. పాళీ కింద ఈ నల్ల ముక్క ఉంది చూడండి, ఇదే ఫీడ్, పాళీకి సిరా అందించేది. పక్కలకి దువ్వెన పళ్ళలా సన్నటి చీలికలు. ఆ సందుల్లో నీళ్ళు ఇంకా అలాగే ఉంటాయి. విదిలిస్తే కొంత పోతుంది, మొత్తం పోదు. అలాగే నింపేస్తే మొదటి పేజీ అంతా పలచగా వస్తుంది, రెండో పేజీకి రంగు చిక్కబడుతుంది. మరి ఏ పేజీని నమ్ముతారు?

పాత సిరా మిగిలి ఉంటే ఇంకా తంటా. నీలం తర్వాత నీలం నింపితే తేడా ఎవరికీ తెలియదు. బ్రౌన్ అలా కాదు. మామూలుగా బ్రౌన్ సిరా అంటే పసుపు, ఎరుపు, నీలం లాంటి రంగులను ఒక లెక్కలో కలిపింది. అందులోకి ఇంకాస్త నీలం దిగిందంటే ఆ లెక్క తప్పి, రంగు నలుపు వైపు వెళ్ళిపోతుంది. పాపం, తప్పేమో సిరా మీద పడుతుంది.

అందుకే ఇలా చేయండి. టిష్యూ నాలుగు మడతలు పెట్టి, పాళీ మొనను దానికి ఆనించి పట్టుకోండి. రుద్దొద్దు, ఊరికే ఆనించండి. తడి దానంతటదే పాకుతుంది... వస్తోంది... ఆ అంచు దగ్గర చూడండి, లేత నీలం చార! నీళ్ళు తేటగా వచ్చాయనుకున్నాం కదా. ఇప్పుడు మళ్ళీ కడిగి, మళ్ళీ ఆనించాలి. చార రాకుండా ఉన్నాక, ఒక గ్లాసులో టిష్యూ వేసి, పాళీ కిందికి ఉండేలా పెన్ను నిలబెట్టి రాత్రంతా వదిలేయండి.

ఈ రెండో పెన్ను నిన్న అలా ఆరబెట్టిందే. ముంచాను, లాగాను, తుడిచాను. నిండింది.

ఇప్పుడు రాద్దాం. ఎఫ్ పాళీ, అంటే సన్నటిది... ఇదిగో ఈ లైను. నలుపు పక్కన పెడితే తప్ప బ్రౌన్ అని తెలియట్లేదు. అదే సిరా, బి పాళీతో, అంటే వెడల్పుదానితో... ఆ! ఇదీ సంగతి. అక్షరం మొదట్లో లేతగా, సిరా ఆగిన చోట చిక్కగా. ఈ నీడలే కావాలి మనకు. కాగితం టొమోయె రివర్, 52 జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకు 52 గ్రాములు. సిరాను తొందరగా పీల్చుకోదు కాబట్టి నీడలు బాగా నిలుస్తాయి, కానీ ఆరడానికి టైమ్ పడుతుంది. వేలితో రుద్ది చూస్తాను... 10 సెకన్లు, అంటుకుంది. 20, ఇంకా కొంచెం. ఎడమ చేత్తో రాసేవాళ్ళు కాస్త చూసుకోండి. మామూలు నోటుబుక్కులో ఇంత సేపు పట్టదు, ఇన్ని నీడలూ రావు.

లైటు పసుపుగా ఉంది, రంగు ఎర్రగా కనబడుతోందేమో. కాగితం కిటికీ వైపు తిప్పుతాను... ఇదీ అసలు రంగు.

చివరగా సరదాకి ఇది. కాఫీ ఫిల్టర్ ముక్క, అడుగున ఒక చుక్క సిరా, కింద అంచు మాత్రం నీళ్ళలో. చుక్క మునగకూడదు. నీళ్ళు పైకి ఎక్కుతూ రంగులను విడదీస్తాయి, కొన్ని తొందరగా, కొన్ని నెమ్మదిగా. వీడియో స్పీడు పెంచుతున్నాను, చూస్తూ ఉండండి.

నా ఓటు బి పాళీకి, మధ్యరకం ఎం అయినా సరే. ఎఫ్ తోనే రాస్తానంటే ఇంతకంటే లేత బ్రౌన్ చూసుకోండి. అన్నట్టు, పళ్ళెంలో మిగిలిన ఈ సిరాను సీసాలో తిరిగి పోయకండి. దుమ్ము, బూజు లోపలికి చేరితే మొత్తం సీసా పోతుంది. చుక్కే కదా, పారేయండి.