పట్టా సిటీలో, పంట పొలంలో

యాంకర్: నమస్కారం. ఈ రోజు రైతు భరోసా మీద, అంటే తెలంగాణ ప్రభుత్వం ఎకరాల లెక్కన ఇచ్చే పెట్టుబడి సాయం మీద ఫోన్లు తీసుకుంటున్నాం. మొదటి ఫోన్ చేవెళ్ల వైపు నుంచి. చెప్పండన్నా.

కాలర్: నమస్తే సార్, వినబడుతుందా?

యాంకర్: వినబడుతోంది. టీవీ సౌండ్ కొంచెం తగ్గించండి.

కాలర్: రెండెకరాలు కౌలుకు పట్టి టమాటా, కొత్తిమీర పెడుతున్న సార్. ఎకరానికి 15,000 కౌలు. భూమి సార్‌ది సిటీలో ఇల్లు. రైతు భరోసా పడితే మెసేజ్ ఆయన ఫోన్‌కు వస్తది. నాకు మందుల షాపు నుంచి బాకీ ఫోన్లొస్తాయి. ఇదేం లెక్క?

నిపుణుడు: 2018లో రైతుబంధు మొదలైనప్పటి నుంచీ డబ్బు పట్టాదారు పాస్‌బుక్ చూసే పడుతుందన్నా. పొలంలో ఎవరున్నారో చూడదు. మొదట సీజన్‌కు ఎకరానికి 4,000, తర్వాత 5,000, ఇప్పుడు 6,000. పథకం పేరు మారింది, రేటు పెరిగింది, డబ్బు పడే ఖాతా మారలేదు. అందులోనూ రంగారెడ్డి, మేడ్చల్ లాంటి చోట్ల పంట కోసం కాదు, రేటు పెరుగుతుందని భూమి కొన్నవాళ్లు ఎందరో. ప్రహరీ కట్టి, గేటు పెట్టి, లోపల నాలుగు మామిడి చెట్లు నాటినా నాలా మార్పిడి, అంటే వ్యవసాయేతర భూమిగా మార్పిడి చేయించనంత వరకు రికార్డులో అది వ్యవసాయ భూమే.

యాంకర్: సాగులో లేని భూములకు ఇవ్వమన్నారు కదండీ?

నిపుణుడు: అన్నారు. 2025 జనవరి 26న రైతు భరోసా మొదలుపెట్టినప్పుడు లేఅవుట్లు, గుట్టలు జాబితాలోంచి తీసేస్తామన్నారు. మంచిదే. కానీ ఈ అన్న విషయంలో అది తిరగబడింది చూడండి. ఈయన దున్నుతున్నాడు కాబట్టే అది సాగుభూమి. ఆ సార్‌కి డబ్బు రావడానికి ఈయన కొత్తిమీరే సాక్ష్యం!

కాలర్: (నవ్వుతూ) నా పంటకు ఆయనకు పైసలా!

నిపుణుడు: ఆ మాటే ఉగాదికి కౌలు మాట్లాడేటప్పుడు అనండి. కొట్లాడొద్దు, నవ్వుతూనే అనండి. ‘భరోసా మీరే ఉంచుకోండి సార్, కౌలులో కొట్టేయండి’ అని. మీ రెండెకరాలకు సీజన్‌కు 12,000. మొత్తం కాకపోయినా సగం తగ్గినా మీకు లాభమే. ఒప్పుకుంటే కాగితం మీద రాయించుకోండి.

కాలర్: కాగితం అంటే భయపడతాడు సార్. భూమి నా పేరు మీదికి ఎక్కుతదని.

నిపుణుడు: ఎక్కదు. 2011 సాగుదారుల చట్టం కింద కౌలు రైతుకు ఇచ్చే కార్డు ఏడాదికే చెల్లుతుంది, యజమాని హక్కు ఎక్కడికీ పోదు. ఆ సంగతి ఆయనకు చెప్పండి. తహసీల్దార్ ఆఫీసులో అడగండి కూడా. కాకపోతే ఈ మధ్య ఆ కార్డులు ఇవ్వడం బాగా తగ్గింది, దాని మీదే ఆశ పెట్టుకోకండి. ముందు మీ ఏఈఓను, అంటే వ్యవసాయ విస్తరణ అధికారిని కలిసి పంట నమోదులో సాగుదారుగా మీ పేరు రాయమనండి. 2023 మార్చి వడగళ్ల వానకు ఎకరానికి 10,000 ప్రకటించినప్పుడు కౌలు రైతుల మాటా వచ్చింది. మళ్లీ అలాంటిది వస్తే, పేరు ఎక్కడా లేనివాడు ఏం చూపించి అడుగుతాడు?

కాలర్: రైతు బీమా వస్తదా సార్?

నిపుణుడు: రైతు చనిపోతే కుటుంబానికి ఇచ్చే ఆ 5 లక్షలు కూడా పట్టాదారుకేనన్నా.

యాంకర్: ఇంకో ఫోన్, మేడ్చల్ నుంచి. చెప్పండమ్మా.

కాలర్: మాకు గుంట భూమి కూడా లేదు సార్, కూలికి పోతాం. కూలోళ్లకు 12,000 అన్నారు. మా ఊరు మున్సిపాలిటీలో కలిసింది, మీకు రాదంటున్నారు.

నిపుణుడు: ఎప్పుడు కలిసిందమ్మా?

కాలర్: 2024లో.

నిపుణుడు: అయితే ఆగండి. ఇందిరమ్మ ఆత్మీయ భరోసాకు చూసేది 2023-24లో ఉపాధి హామీ కింద కనీసం 20 రోజులు పని చేశారా అని. మున్సిపాలిటీలో ఉపాధి హామీ ఉండదు కాబట్టి రాదంటున్నారు. కానీ ఆ ఏడాది మీది పంచాయతీయే కదా! జాబ్ కార్డు ఉందా?

కాలర్: ఉంది సార్, కోడలి దగ్గర.

నిపుణుడు: తీసుకుని ఎంపీడీఓ ఆఫీసుకు వెళ్లి మస్టర్‌లో, అంటే హాజరు పట్టీలో ఎన్ని రోజులు పడ్డాయో చూపించమనండి. కనీసం 20 ఉంటే దరఖాస్తు రాసిచ్చి రశీదు అడగండి. నోటిమాటగా ‘రాదు’ అంటే ఒప్పుకోకండి, అదే మాట కాగితం మీద రాసివ్వమనండి.