పక్కన కూర్చునే పని

(మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా సిరొంచలో బచత్ గట్ల (పొదుపు సంఘాల) మహిళలు, ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తలు, పోలీస్ పాటిళ్ల (ఊళ్లో పోలీసులకు సాయపడే గ్రామ అధికారుల) సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. అంకిసా, అసరల్లి, జింగానూరు వైపు నుంచి పొద్దున్నే బయల్దేరి వచ్చిన అక్కచెల్లెళ్లకు, పనులు మానుకుని వచ్చిన పోలీస్ పాటిళ్లకు, సర్పంచులకు ముందుగా కృతజ్ఞతలు. లైంగిక హింసకు గురైన స్త్రీలకు అండగా నిలిచే మన సంస్థ ఏం పని చేస్తుందో చెప్పమని నన్ను పిలిచారు. బోర్డు మీద రాసుకున్న ఆశయాలు మీరు చదివే ఉంటారు కాబట్టి వాటి జోలికి పోను. ఠాణాలో, దవాఖానలో, కోర్టు వరండాలో, ఊరి పంచాయితీ దగ్గర మేం ఎవరి పక్కన కూర్చుంటాం, ఎందుకు కూర్చుంటాం అన్నంత వరకే చెబుతాను.

ఆ పని ఎందుకు అవసరమైందో తెలియాలంటే మన జిల్లా ఉత్తరపు కొసన ఉన్న దేసాయిగంజ్ నుంచి మొదలుపెట్టాలి. అప్పటికి గడ్చిరోలి జిల్లా లేదు. అది 1982లో ఏర్పడింది, అంతకుముందు ఇదంతా చంద్రపూర్ జిల్లానే. 1972 మార్చి 26 రాత్రి దేసాయిగంజ్ పోలీసు ఠాణాకు ఒక ఆదివాసీ కూలి పిల్లను, ఆమె అన్న ఇచ్చిన ఫిర్యాదు మీద, వాంగ్మూలం కోసం పిలిపించారు. ఆమె వయసు 14 నుంచి 16 ఏళ్ల మధ్య అని కోర్టు రికార్డులు చెబుతున్నాయి. మాటలు రాసుకోవడం అయ్యాక వెంట వచ్చినవాళ్లను బయటికి పంపి ఆమెను మాత్రం లోపల ఉంచారు. తనపై ఒక కానిస్టేబుల్ అత్యాచారం చేశాడని, హెడ్ కానిస్టేబుల్ కూడా చేయి వేశాడని ఆ పిల్ల బయటికి వచ్చి చెప్పింది. 1974లో సెషన్స్ కోర్టు ఇద్దరినీ వదిలేసింది. 1976లో బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి, భయంతో లొంగిపోవడం వేరు, ఇష్టపడి ఒప్పుకోవడం వేరు అని తేల్చి, కానిస్టేబుల్‌కు అయిదేళ్లు, హెడ్ కానిస్టేబుల్‌కు ఏడాది శిక్ష వేసింది. 1978 సెప్టెంబరు 15న సుప్రీంకోర్టు ఆ శిక్షలను కొట్టేసింది. ఒంటి మీద గాయాలు లేవనీ, ఆమె గట్టిగా అరవలేదనీ, కాబట్టి ఎదిరించినట్టు లేదనీ ఆ తీర్పు అన్నది.

చుట్టూ గోడలు, ఎదురుగా యూనిఫాం, రాత్రి వేళ. అక్కడ అరిస్తే వినేదెవరో తీర్పు చెప్పలేదు. మరుసటి ఏడాది ఉపేంద్ర బక్షీ, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్, లోతికా సర్కార్ అనే నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాసి ఈ ప్రశ్నే అడిగారు. 1980లో బొంబాయిలో, ఢిల్లీలో, మరెన్నో ఊళ్లలో ఆడవాళ్లు వీధుల్లోకి వచ్చారు. అత్యాచార బాధితులకు అండగా ఉండే సంఘాలు మన దేశంలో పుట్టింది ముఖ్యంగా ఆ కదలికలోంచే. 1983లో చట్టం మారింది. పోలీసు కస్టడీలో జరిగిన అత్యాచారంలో, లైంగిక చర్య జరిగినట్టు రుజువై, తాను ఒప్పుకోలేదని స్త్రీ కోర్టులో చెబితే, ఒప్పుకోలేదనే కోర్టు భావించాలి. విచారణ తలుపులు మూసి జరగాలి. 2013 సవరణ ఇంకో అడుగు వేసి, ఒంటితో ఎదిరించనంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదని స్పష్టంగా రాసింది. ఒక్క వాక్యమే, దేసాయిగంజ్ తీర్పుకు జవాబుగా అది చట్టంలోకి ఎక్కడానికి ముప్పై అయిదేళ్లు పట్టింది.

దేశమంతా ఆ కేసును ఆ అమ్మాయి పేరుతోనే పిలుస్తుంది. ఈ వేదిక మీద నేను పిలవను. ఆమె కేసు వల్ల వచ్చిన 1983 సవరణే బాధితురాలి గుర్తింపు బయటపెట్టడాన్ని నేరం చేసింది. ఆ రక్షణ ఆమెకు మాత్రం దక్కలేదు.

చట్టం మన అడవి జిల్లా ఆడపిల్ల వల్ల మారింది సరే, మారిన చట్టం తిరిగి మన దాకా వచ్చిందా? సిరొంచ నుంచి జిల్లా కేంద్రం రెండు వందల కిలోమీటర్లకు పైమాటే. వానాకాలంలో వాగులు పొంగితే ఆ దారి ఎలా ఉంటుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఇంట్లో మాట్లాడేది తెలుగు, గోండి, మాడియా. కాగితం నడిచేది మరాఠీలో. బతుకుదెరువు చూస్తే గోదావరి అవతల. మిరప ఏరే రోజుల్లో మన ఊళ్ల నుంచి ఆడవాళ్లు తెలంగాణ చేలకు పోయి వారాల తరబడి గుడిసెల్లో ఉంటారు. అక్కడ మేస్త్రీ చేతిలోనో రైతు ఇంటివాడి చేతిలోనో ఏదైనా జరిగితే, ఆమె కూలి డబ్బుల కోసం నోరు మూసుకుని, లెక్క తేలాక ఇంటికి చేరి, అప్పుడు తల్లితోనో వదినతోనో చెబుతుంది. ఇక్కడి ఠాణాకు వెళితే, అది జరిగింది అక్కడ కదా, అక్కడికే పొండి అంటారు. మళ్లీ వంతెన దాటి అదే ఊరికి, అదే మనుషుల మధ్యకు ఆమె ఏ ధైర్యంతో పోతుంది?

పోవలసిన పని లేదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 173వ సెక్షన్ ప్రకారం నేరం ఏ ప్రాంతంలో జరిగినా ఏ ఠాణాలోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. నమోదు చేసి, సంబంధిత ఠాణాకు పంపుకోవలసిన బాధ్యత పోలీసులదే. రాష్ట్రం వేరైనా ఇదే పద్ధతి. ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. అత్యాచార ఫిర్యాదును మహిళా అధికారి రాసుకోవాలి. రాసుకోకుండా తిప్పి పంపిన ఉద్యోగికి భారతీయ న్యాయ సంహిత 199వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి రెండేళ్ల వరకు కఠిన జైలుశిక్ష ఉంది. ఈ మాటలు మేం ఠాణాలో గొంతు పెంచి చెప్పం. కాగితం మీద సెక్షన్ నంబరు రాసుకుని వెళ్లి, నెమ్మదిగా బల్ల మీద పెడతాం. చాలాసార్లు అంతతోనే పని జరుగుతుంది.

కాగితం రాయించడం కంటే, అందులో ఏం రాశారన్నది పెద్ద చిక్కు. ఒక ఠాణాలో నేను కళ్లారా చూసింది చెబుతాను; గుర్తుపట్టే వివరాలేవీ చెప్పను. ఆమెది మాడియా, తెలుగు కొంత వచ్చు, మరాఠీ అసలు రాదు. రాసేవారికి మరాఠీ తప్ప మరొకటి రాదు. తెలుగు, మరాఠీ రెండూ వచ్చిన మనిషి కావాలని ఎదురుగా ఉన్న టీ కొట్టు నుంచి ఒకాయన్ని పిలుచుకొచ్చారు. ఆయన నిందితుడి వాడకట్టు మనిషి. ఆయన్ని చూడగానే ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అడిగిన ప్రతి దానికీ ఊఁ అనో ఊహూఁ అనో అన్నది. అర పేజీలో వాంగ్మూలం పూర్తయింది. మరాఠీలోనే చదివి వినిపించి, వేలిముద్ర కోసం సిరా డబ్బా ముందుకు జరిపారు. మాతో ఉన్న కార్యకర్త సిరా డబ్బా మీద చెయ్యి పెట్టి, ఇంకొకరిని పిలిపించే దాకా ఆగమని బతిమాలింది. చీకటి పడ్డాక ఒక అంగన్‌వాడీ సహాయకురాలు వచ్చింది. ఆమె ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చోలేదు, బాధితురాలి పక్కన బెంచీ మీద కూర్చుని, నీళ్లు తాగించి, మాడియాలో పలకరించింది. ఆ తర్వాత రాసింది నాలుగు పేజీలు వచ్చింది.

అర పేజీకీ నాలుగు పేజీలకూ తేడా ఏమిటో విచారణ రోజున తెలుస్తుంది. డిఫెన్స్ లాయరు మొదట చూసేది తొలి కాగితమే. కోర్టులో చెప్పిన విషయం ఎఫ్ఐఆర్‌లో ఎందుకు లేదు, మధ్యలో ఎవరు నేర్పారు అని అడుగుతాడు. మరాఠీ రాక అన్న జవాబు అప్పటికి ఎవరి చెవికీ ఎక్కదు. పిల్లల విషయంలో పోక్సో చట్టం (పిల్లలపై లైంగిక నేరాల చట్టం), వికలాంగుల విషయంలో కొత్త సంహిత దుబాసీ ఉండాలని విప్పి చెప్పాయి. భాష రాని మామూలు ఆడమనిషి గురించి ఠాణా దశలో అంత విప్పి చెప్పలేదు. నా దృష్టిలో సరిహద్దు ప్రాంతాల వరకు ఇది పెద్ద లోటు. అయితే ఒక వెసులుబాటు ఉంది: అత్యాచార బాధితురాలి వాంగ్మూలాన్ని ఆమె ఇంట్లోనో, ఆమె కోరిన చోటో, వీలైనంత వరకు మహిళా అధికారి, తల్లిదండ్రులో దగ్గరి బంధువులో ఆ ప్రాంతపు సామాజిక కార్యకర్తో ఉండగా నమోదు చేయాలని అదే సంహిత 176వ సెక్షన్ అంటుంది. మా కుర్చీకి చట్టం ఇచ్చిన చోటు అదే. అక్కడ కూర్చున్నవాళ్లు ఆమె బదులు మాట్లాడకూడదు. ఆమె చెప్పింది చెప్పినట్టు కాగితం మీదికి వస్తోందా లేదా అన్నది చూడాలి.

దవాఖాన సంగతి ఆశా అక్కలకు తెలిసి ఉండాలి, ఎందుకంటే చాలామంది ముందు మీ దగ్గరికే వస్తారు. పోలీసు కాగితం లేనిదే ముట్టుకోం అనడం తప్పు. ప్రభుత్వ దవాఖానైనా ప్రైవేటు దవాఖానైనా వెంటనే, ఉచితంగా వైద్యం చేయాలి. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు 72 గంటలలోపు మొదలుపెట్టాలి. గర్భం రాకుండా వేసుకునే మాత్ర ఎంత తొందరగా పడితే అంత మంచిది. పెద్దవాళ్లకు లేడీ డాక్టరు లేరన్న కారణంతో పరీక్ష ఆపకూడదు, మరో ఆడమనిషి గదిలో ఉంటే చాలు. ఆడపిల్లలకైతే పోక్సో ప్రకారం మహిళా డాక్టరే చేయాలి. ఏ పరీక్షకైనా ఆమె ఒప్పుకోలు తీసుకోవాలి, ఫలానాది వద్దు అనే హక్కు ఆమెకు ఉంది. స్త్రీకి అంతకుముందు లైంగిక సంబంధాలు ఉన్నాయా అని వేళ్లతో చూసే రెండు వేళ్ల పరీక్ష తప్పని సుప్రీంకోర్టు 2013లో అన్నది, 2014లో కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాలు వద్దన్నాయి, అయినా ఆగలేదని 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు మళ్లీ తీర్పిచ్చి, అది చేసినవాళ్లు దుష్ప్రవర్తన కింద దోషులని హెచ్చరించింది. ఒంటి మీద ఉన్న బట్టలను ఉతకకుండా, తడి ఉంటే నీడలో ఆరనిచ్చి, కాగితంలో చుట్టి తీసుకురండి. ప్లాస్టిక్ కవరులో పెడితే తడికి ఆనవాళ్లు పాడైపోతాయి. స్నానం చేసి వచ్చిన మనిషిని మాత్రం ఎందుకు చేశావని కసరకండి. ఎవరైనా ముందు చేసేది అదే.

పోలీస్ పాటిల్ అన్నలూ, ఇప్పుడు మీతో కొంచెం కష్టమైన మాట. 2007 ఆగస్టు 15 నుంచి మహారాష్ట్రలో తంటాముక్తి సమితులు (ఊరి తగాదాలు ఊళ్లోనే తీర్చే సమితులు) వచ్చాయి, వాటి వల్ల మేలు కూడా జరిగింది. గట్టు తగాదాలు, పశువుల తగాదాలు ఠాణా గడప ఎక్కకుండా తీరాయి. ఆ అలవాటుతోనే అత్యాచారాన్ని కూడా సమితి ముందు పెట్టి, తప్పు (జరిమానా) వేసి, ఆ డబ్బులో కొంత ఊరి భోజనాలకు ఖర్చు పెట్టిన పంచాయితీలు నేను చూశాను. తప్పు కట్టినవాడు ఆ సాయంత్రమే పంక్తిలో కూర్చుని తింటాడు. ఆమె ఆ పంక్తికి రాదు, మరునాటి నుంచి నీళ్లకు కూడా ఒంటరిగా రాదు. అత్యాచారం రాజీ పడగలిగిన నేరం కాదు. వాడితోనే పెళ్లి చేస్తే సరిపోతుందన్న ఆలోచనకు అసలు తావే లేదని 2015లో సుప్రీంకోర్టు కటువుగా చెప్పింది. మీరు పరువు కాపాడుతున్నామనుకుంటారు. ఎవరి పరువు అన్నది మాత్రం ఆ సమితిలో ఒక్క ఆడమనిషి అయినా అడిగే వీలుండాలి. నేర గణాంకాలు ఏటా చెప్పేది ఒక్కటే: నూటికి తొంభైకి పైగా కేసుల్లో నిందితుడు ఆమెకు తెలిసినవాడే. అంటే పంచాయితీలో కూర్చున్నవాళ్లకు కూడా తెలిసినవాడే.

ఫిర్యాదు చేయాలా వద్దా అన్న నిర్ణయం వయసు వచ్చిన స్త్రీ విషయంలో పూర్తిగా ఆమెది. చేయనంటే మేం ఒత్తిడి పెట్టం. వైద్యం చేయిస్తాం, మాట వింటాం, మళ్లీ రావచ్చని చెబుతాం. ఇది మా కార్యకర్తల్లోనే కొందరికి మింగుడు పడదు. నేరస్థుడు దర్జాగా తిరుగుతుంటే మనం చూస్తూ ఊరుకోవాలా అంటారు. ఆ కోపం న్యాయమైనదే, కానీ ఆమె ఇష్టానికి విరుద్ధంగా ఇంకొక పని ఆమె మీద మనం చేయకూడదు. 18 ఏళ్లలోపు పిల్లల విషయంలో ఈ వెసులుబాటు లేదు. తెలిసినవాళ్లు ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి, దాచడం నేరం. ఈ తేడాను మొదటి మాటలోనే ఎదుటివాళ్లకు చెప్పాలి. ఎవరికీ చెప్పనని మాట ఇచ్చి, ఆ తర్వాత చెప్పవలసి వస్తే ఆ పిల్ల ఇంకెవరినీ నమ్మదు.

పరిహారం గురించి ఒక్క మాట. మహారాష్ట్రలో మనోధైర్య పథకం 2013 నుంచి ఉంది. ఇప్పుడు పది లక్షల వరకు ఇవ్వవచ్చు, దరఖాస్తు జిల్లా న్యాయసేవా ప్రాధికరణ చూస్తుంది. పేదరాలికి అది దయ కాదు. కేసు నడిచినంత కాలం పోయే కూలికీ, మారవలసి వచ్చే ఇంటికీ అదే ఆధారం. ఫోన్ నంబర్లు మీకు ఇచ్చిన కాగితం వెనక ఉన్నాయి: 112 పోలీసులకు, 181 మహిళలకు, 1098 పిల్లలకు, 15100 ఉచిత న్యాయ సహాయానికి.

చివరగా, మాకు ఇప్పుడు కావలసింది చందా కాదు, మనుషులు. తెలుగు, మరాఠీ రెండూ వచ్చి, వాటితోపాటు గోండి గానీ మాడియా గానీ మాట్లాడగల ఆడవాళ్లు ప్రతి పెద్ద ఊరికీ ఒకరైనా కావాలి. చదువు ఎంతన్నది మేం అడగం. వాళ్లకు చెప్పింది చెప్పినట్టు చెప్పడం, విన్నది ఇంట్లో కూడా చెప్పకపోవడం మేం నేర్పుతాం. బస్సు ఛార్జీలు, ఆ రోజు కూలి సంస్థ ఇస్తుంది. భోజనాలయ్యాక చెట్టు కింద బల్ల దగ్గర పేర్లు రాసుకుంటాం. రాయించేటప్పుడు మీకు వచ్చిన భాషలు చెప్పండి, రాత్రివేళ కబురు చేస్తే రాగలరా లేదా అన్నది కూడా చెప్పండి, ఎందుకంటే కబురు ఎక్కువగా వచ్చేది రాత్రివేళే.