రాక్ వేదిక మీద నలభయ్యో కీర్తన

రాక్ సంగీతంలో క్రైస్తవం అనగానే చాలామంది బాబ్ డిలన్ పేరెత్తుతారు. 1979లో ఆయన 'స్లో ట్రెయిన్ కమింగ్' అనే క్రైస్తవ పాటల ఆల్బమ్ తెచ్చాడు. కచేరీల్లో పాత పాటలు పక్కనపెట్టి, మధ్యమధ్యలో వాక్యం చెప్పాడు. టికెట్ కొన్నవాళ్లలో కొందరికి ఒళ్లు మండింది. నా మట్టుకు నాకు ఆ పాటల్లో హెచ్చరిక ఎక్కువ, ప్రార్థన తక్కువ. అందుకే ఈ సాయంత్రం యూటూ అనే ఐరిష్ బ్యాండ్ గురించి మాట్లాడతాను.

1976లో డబ్లిన్‌లో, బడి నోటీసు బోర్డు మీద అంటించిన ఒక కాగితంతో మొదలైన బ్యాండ్ ఇది. నలుగురిలో ముగ్గురు, అంటే పాడే బోనో, గిటార్ వాయించే ఎడ్జ్, డ్రమ్స్ వాయించే లారీ ములెన్, షాలోమ్ అనే ప్రార్థనా సహవాసంలో ఉండేవారు. విశ్వాసికి రాక్ బ్యాండ్ ఎందుకన్న ప్రశ్న అక్కడ గట్టిగానే ఎదురైంది. 1981లో రెండో ఆల్బమ్ 'అక్టోబర్' నాటికి బ్యాండ్ విడిపోయేదాకా వచ్చింది. మన సంఘాల్లో గిటార్ పట్టిన కుర్రాళ్లకు ఈ టెన్షన్ బాగా తెలుసు.

1983లో వచ్చిన 'వార్' ఆల్బమ్‌కు రికార్డింగ్ చివరి గంటల్లో ఇంకో పాట కావాల్సి వచ్చింది. బాస్ వాయించే ఆడమ్ క్లేటన్ అప్పటికే వెళ్లిపోయాడు. ఎడ్జే బాస్ అందుకున్నాడు. వేదిక మీద ఈ పాటకు వాళ్లిద్దరూ వాయిద్యాలు మార్చుకునేది అందుకే. బోనో 40వ కీర్తన తీశాడు. "యెహోవాకొరకు నేను సహనముతో కనిపెట్టుకొంటిని" అని మనం చదువుకునేదే. పల్లవిలోని 'ఎంతకాలం' మాత్రం ఆరో కీర్తనలోని మొర. అదే మొర ఆల్బమ్ మొదటి పాట 'సండే బ్లడీ సండే'లోనూ వినిపిస్తుంది. 1972 జనవరి 30న ఉత్తర ఐర్లండ్‌లోని డెర్రీలో బ్రిటిష్ సైన్యం నిరాయుధుల మీద కాల్పులు జరిపిన ఆదివారం పేరది. కాథలిక్కులూ ప్రొటెస్టెంట్లూ రక్తం చిందించుకుంటున్న ద్వీపంలో, కాథలిక్ తండ్రికీ ప్రొటెస్టెంట్ తల్లికీ పుట్టిన బోనో ఆ ప్రశ్న అడుగుతున్నాడు. స్టేడియంలో ఆ పల్లవి అందుకునే వేలమందిలో ఎందరికి అది బైబిల్ అని తెలుసో! తెలియకపోయినా పాడతారు.

1987లో 'ఐ స్టిల్ హావెంట్ ఫౌండ్ వాట్ ఐయామ్ లుకింగ్ ఫర్' వచ్చినప్పుడు విశ్వాసుల్లో కొందరు నొచ్చుకున్నారు. క్రీస్తు దొరికినవాడు ఇంకా వెతకడమేమిటని. పాటలో సిలువ ఉంది, నమ్ముతున్నానన్న మాటా ఉంది. అయినా వెతుకుతున్నది దొరకలేదంటాడు. దావీదు మొరలు రోజూ చదివేవాళ్లకు ఇందులో అభ్యంతరం ఏమిటో నాకిప్పటికీ అంతుపట్టదు. ఇదే పాటను న్యూయార్క్‌లో 'న్యూ వాయిసెస్ ఆఫ్ ఫ్రీడమ్' అనే గాస్పెల్ కాయిర్‌తో కలిసి పాడారు. 1988 నాటి 'రాటిల్ అండ్ హమ్' ఆల్బమ్‌లో ఉంది. అది ఇప్పుడు వినిపిస్తాను. కాయిర్ అందుకున్నాక పాట ఎలా మారుతుందో గమనించండి. ఆ తర్వాత మీ ప్రశ్నలు తీసుకుంటాను.