కంచె ఒకటే, చేలు రెండు: థైరాయిడ్, కీళ్లవాతం

తమ్ముడు: నమస్కారం. ఈసారి అతిథి కోసం ఎక్కడికీ పోలేదు, మా పెద్దమ్మ కూతురినే కూర్చోబెట్టాను. కాలేజీలో జెనెటిక్స్ చెబుతుంది. అక్కా, అమ్మ గాజుల సంగతితో మొదలెట్టనా?

అక్క: పిన్నిని అడిగావా?

తమ్ముడు: అడిగాను. "పేరు మాత్రం చెప్పకు" అంది. అమ్మకి 11 ఏళ్లుగా థైరాయిడ్. పొద్దున్నే పరగడుపున మాత్ర, ఆ తర్వాతే కాఫీ. నిరుడు సంక్రాంతికి కొత్త గాజులు తొడుక్కోబోతే కణుపుల దగ్గర ఆగిపోయాయి. సబ్బు రాసినా ఎక్కలేదు. ఒళ్లు వచ్చిందేమో అనుకున్నాం. "థైరాయిడ్ కదా, నొప్పులు మామూలే" అని నాలుగు నెలలు గడిపేశాం.

అక్క: థైరాయిడ్ హార్మోన్ తక్కువైనా ఒళ్లు నొప్పులుంటాయి, చేతులు తిమ్మిరెక్కుతాయి. అందుకే నేరమంతా దాని మీదికే పోతుంది. పొద్దున వేళ్లు ఎంతసేపు బిగుసుకుని ఉండేవి?

తమ్ముడు: ఆరింటికి లేస్తే ఎనిమిదింటి దాకా. పాల ప్యాకెట్ కోయడానికి కత్తెర కూడా పట్టలేకపోయేది.

అక్క: గంట దాటితే కీళ్లవాతాన్ని అనుమానించాలి.

తమ్ముడు: చివరికి చూపించిన డాక్టరు గారు రిపోర్టులు తెరవకముందే అమ్మ చెయ్యి పట్టుకుని కణుపుల దగ్గర అడ్డంగా, మెల్లగా నొక్కారు. అమ్మ కుర్చీలోంచి లేచిపోయింది! తర్వాత కీళ్లవాతానికి చేసే రక్తపరీక్ష, యాంటీ సీసీపీ, పాజిటివ్ వచ్చింది. రుమటాయిడ్ ఆర్థ్రైటిస్, అంటే నువ్వన్న కీళ్లవాతమే. ఇంతకీ మెడలో గ్రంథికీ వేలి కణుపుకీ ఏం సంబంధం?

అక్క: వాటికి ఏ సంబంధమూ లేదు. రెండింటికీ కాపలా కాసేవాడు ఒక్కడే, మన రోగనిరోధక వ్యవస్థ.

తమ్ముడు: కంచే చేను మేసినట్టా?

అక్క: ఈ జబ్బుల దగ్గర ఆ సామెత చెప్పనివాళ్లు లేరులే. ఇక్కడ కంచె ఒకటే, చేలు రెండు. హషిమోటో జబ్బులో థైరాయిడ్‌ని మేస్తుంది, కీళ్లవాతంలో కీలు లోపలి పొరని. అన్ని థైరాయిడ్‌లూ ఇలాంటివి కావు, అయోడిన్ చాలక వచ్చేవీ ఉంటాయి. పిన్నికి యాంటీ టీపీఓ, అంటే థైరాయిడ్ మీద దాడిని పట్టే రక్తపరీక్ష, పాజిటివ్ కాబట్టే నేనీ మాట అంటున్నాను.

తమ్ముడు: ఆ కంచెలో లోపం జన్యువుల్లోంచి వస్తుందా?

అక్క: కొంతవరకు. పీటీపీఎన్22 అని ఒక జన్యువు ఉంది. అది తయారుచేసే ప్రొటీన్ టీ కణాలకి, అంటే కాపలా కాసే ఒక రకం తెల్ల రక్తకణాలకి, బ్రేకు లాంటిది. ప్రొటీన్ ఒక దండ అనుకుంటే అమైనో ఆమ్లాలు అందులో పూసలు. ఇందులో 620వ చోట ఆర్జినిన్ అనే పూస ఉండాల్సింది ట్రిప్టోఫాన్ అయితే చిక్కు మొదలు. 2004లో టైప్ 1 షుగర్‌లో, కీళ్లవాతంలో, థైరాయిడ్ ఎక్కువయ్యే గ్రేవ్స్ జబ్బులో, మూడింటిలోనూ ఈ మార్పే దొరికింది. కాకపోతే ఇది యూరప్ వాళ్లలో ఎక్కువ, ఆసియా వాళ్లలో బాగా అరుదు. పిన్ని దగ్గర ఇదే ఉందని నేను పందెం కాయను.

తమ్ముడు: మరి మనవాళ్ల సంగతి?

అక్క: ఆరో క్రోమోజోమ్ మీద హెచ్ఎల్ఏ ఉంది. శత్రువు ముక్కని పళ్లెంలో పెట్టి టీ కణానికి చూపించే వ్యవస్థ అది. అందులో డీఆర్‌బీ1 అనే జన్యువు చేసే ప్రొటీన్‌లో 70 నుంచి 74 దాకా ఉన్న అమైనో ఆమ్లాల వరస కీళ్లవాతానికి ముఖ్యమని 1987లోనే ప్రతిపాదించారు. గ్రేవ్స్‌కీ ఆ 74వ చోటే కీలకం. కానీ అక్కడ ఉండే అమైనో ఆమ్లం వేరు. అంటే ఇల్లు ఒకటే, గది కూడా ఒకటే, సామాను వేరు. నాకు భలే నచ్చే విషయం ఇది.

తమ్ముడు: నీకు నచ్చుతుంది, నాకు టెన్షన్ పెరుగుతోంది.

అక్క: ఆగు, ఇంకోటి విను. సీటీఎల్ఏ4 కూడా బ్రేకే. దాని ముక్కతో చేసిన అబాటసెప్ట్‌ని కీళ్లవాతానికి మందుగా వాడతారు. కొన్ని కేన్సర్ మందులు ఇలాంటి బ్రేకుల్నే తీసేస్తాయి. అవి వాడినవాళ్లలో కొందరికి థైరాయిడ్ దెబ్బతింటుంది, కొందరికి కీళ్లు వాస్తాయి.

తమ్ముడు: అమ్మో. సరే, సూటిగా చెప్పు. నాకూ వస్తుందా?

అక్క: జన్యువులన్నీ ఒకటే అయిన కవలల్లో ఒకరికి కీళ్లవాతం ఉంటే, రెండోవాళ్లకి వచ్చేది నూటికి 15 మందికి అటూ ఇటూ. ఇక నీ సంగతి ఆలోచించుకో. వంశంలో వచ్చేది జబ్బు కాదు, అటువైపు మొగ్గు. దానికోసం జీన్ టెస్టు చేయించుకోవడం డబ్బు దండగ. కణుపులు వాస్తే అప్పుడు చూపించుకో. నువ్వు సిగరెట్టు మానేస్తే మాత్రం లాభం ఉంది. పొగ, ఆ డీఆర్‌బీ1 వరస, రెండూ కలిస్తే ముప్పు బాగా పెరుగుతుంది.

తమ్ముడు: ఇది ఎడిటింగ్‌లో తీసేస్తా.

అక్క: తీస్తే పిన్నికి ఫోన్ చేస్తా. అవునూ, కాల్షియం మాత్ర ఎప్పుడు వేసుకుంటోంది?

తమ్ముడు: మొదట్లో థైరాయిడ్ మాత్రతో కలిపే మింగేసేది. నువ్వు తిట్టాక నాలుగు గంటలు ఆగుతోంది. కీళ్లవాతం మందు మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే కదా, ఎక్కడ రోజూ వేసుకుంటానో అని భయపడి, ఆ పట్టీ మీద బాల్‌పెన్నుతో "మంగళవారం" అని రాసుకుంది.

అక్క: మంచి పని చేసింది. గాజులు?

తమ్ముడు: ఉగాదికి ఎడమ చేతికి ఎక్కాయి. కుడి చేతికి ఇంకా సబ్బు కావాలి.